మదర్‌బోర్డు మార్చినా విండోస్ లైసెన్సు చేజారకుండా చూసుకోవడం ఎలా?

మొన్న దీపావళికి ఇంటికొచ్చిన మా బావమరిది చేతిలో మిఠాయి డబ్బా లేదు, మదర్‌బోర్డు డబ్బా ఉంది. బీ550 బోర్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్, రెండు 8 జీబీ ర్యాములు. వాడి పాత సిస్టంలో ఉన్నది నాలుగో తరం ఐ5. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ ప్రాసెసర్ మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అందుకని బోర్డూ, ప్రాసెసరూ, ర్యామూ ఒక్కసారే మార్చేద్దామని వాడి ఉద్దేశం. నేను స్నానం చేసి వచ్చేలోపే క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఆగరా, లైసెన్సు సంగతి చూశావా?"

"విండోస్ డిస్కులో కదా బావా ఉండేది? డిస్కు మార్చట్లేదుగా!"

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. విండోస్ ఉండేది డిస్కులోనే. కానీ దాని లైసెన్సు మైక్రోసాఫ్ట్ సర్వర్లో బోర్డు పేరు మీద రాసి ఉంటుంది. బోర్డు విప్పకముందు ఒక పావుగంట కేటాయిస్తే ఆ రాతను కొత్త బోర్డు పేరుకు మార్పించుకోవచ్చు. విప్పేశాక కూడా దారులున్నాయి గానీ తలనొప్పి ఎక్కువ.

ఏది మారిస్తే లైసెన్సుకు ముప్పు

విండోస్ యాక్టివేట్ అయినప్పుడు, అంటే లైసెన్సు ఉన్నదేనని మైక్రోసాఫ్ట్ దగ్గర ఖాయమైనప్పుడు, సిస్టంలోని భాగాల వివరాలన్నీ కలిపి ఒక గుర్తు తయారుచేసి మైక్రోసాఫ్ట్‌కు పంపుతుంది. అదే సిస్టంలో మళ్లీ విండోస్ వేస్తే, కీ అడగకుండానే ఆ గుర్తును బట్టి యాక్టివేట్ అయిపోతుంది. దీన్నే డిజిటల్ లైసెన్స్ అంటారు. 2015లో విండోస్ 10తో వచ్చిన పద్ధతి ఇది. 2016 ఆగస్టులో వచ్చిన 1607 వెర్షన్ నుంచి ఈ లైసెన్సును మన మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడివేసుకునే వీలు కల్పించారు. మనకు అక్కరకొచ్చేది ఈ ముడే.

ర్యాము పెంచినా, ఎస్‌ఎస్‌డీ మార్చినా, గ్రాఫిక్స్ కార్డు కొత్తది పెట్టినా సాధారణంగా ఏమీ కాదు. ప్రాసెసర్ ఒక్కటే మార్చినా చాలావరకు ఫర్వాలేదు. బోర్డు మారిందంటే మాత్రం, మైక్రోసాఫ్ట్ లెక్కలో అది వేరే కంప్యూటర్.

ముందే ఒక మాట చెప్పి మీ కంగారు తగ్గిస్తాను. యాక్టివేషన్ పోయినంత మాత్రాన సిస్టం ఆగిపోదు, ఫైళ్లు ఎక్కడికీ పోవు. స్క్రీన్ మీద కుడివైపు కింద మూలన యాక్టివేట్ విండోస్ అని లేతగా కనబడుతుంది, వాల్‌పేపర్, రంగులు మార్చే సెట్టింగులకు తాళం పడుతుంది. అంతే. కాబట్టి అర్ధరాత్రి పూట హడావుడిగా ఐదొందలకో ఆరొందలకో దొరికే కీ కొనేయకండి.

ముందు మీ దగ్గరున్న లైసెన్సు ఏ రకమో చూడండి

బోర్డుతో పాటు లైసెన్సు వస్తుందా రాదా అన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. తెలుసుకోవడానికి ఒక చిన్న కమాండు చాలు. (కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద అవే ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి.) విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, /డీఎల్ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. రెండు మూడు సెకన్లకు ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో డిస్క్రిప్షన్ అన్న వరుస చివర ఛానెల్ పేరు ఉంటుంది. ఆ మాటే ముఖ్యం.

రీటెయిల్ అని ఉంటే మీ పంట పండినట్టే. పెట్టెలో కొన్నదైనా, మైక్రోసాఫ్ట్ స్టోర్లో కొన్నదైనా రీటెయిల్ లైసెన్సును ఒక సిస్టం నుంచి తీసి ఇంకో సిస్టంకు మార్చుకునే హక్కు షరతుల్లోనే రాసి ఉంది. ఒకేసారి రెండింట్లో వాడకూడదు, అంతే. ఇక్కడొక మెలిక ఉంది. పాత విండోస్ నుంచి ఉచితంగా విండోస్ 10కి వచ్చినవాళ్లకూ తరచుగా రీటెయిల్ అనే చూపిస్తుంది. అప్పుడు మొదట కొన్నది ఏమిటో గుర్తుచేసుకోవాలి. పెట్టెలో కొన్న విండోస్ 7 అయితే హక్కు నిజంగా రీటెయిల్‌దే. సిస్టంతో పాటు వచ్చిన విండోస్ 7 అయితే హక్కు ఆ సిస్టంతోనే పోతుంది.

ఓఈఎం అని మొదలైతే అది కంపెనీ తయారుచేసి అమ్మిన డెస్క్‌టాప్‌కో ల్యాప్‌టాప్‌కో వచ్చిన లైసెన్సు. షరతుల ప్రకారం అది ఆ బోర్డు ఉన్నంతవరకే. విండోస్ 8 కాలం నుంచి ఈ సిస్టంలలో కీని బోర్డు మీది ఫర్మ్‌వేర్ చిప్పులోనే రాసేస్తున్నారు, అందుకే వాటి వెనక స్టిక్కర్ మీద కీ కనబడదు. ట్రబుల్‌షూటర్‌తో (యాక్టివేషన్ చిక్కులు సరిచేసే విండోస్ పనిముట్టు, దీని సంగతి తర్వాత చెబుతాను) ఓఈఎం కూడా కొత్త బోర్డుకు ఎక్కేసిందని చెప్పేవాళ్లు ఉన్నారు. ఎక్కినా హక్కు మాత్రం రాదు. నేనైతే కొత్త లైసెన్సు ఖర్చును కూడా బోర్డు ఖర్చులోనే కలిపి లెక్కేసుకోమంటాను.

వాల్యూం, కేఎంఎస్‌క్లయింట్ అని కనబడితే ఒక్క క్షణం ఆగండి. ఇది కంపెనీలు, కాలేజీలు తమ సొంత సర్వర్‌తో వందల సిస్టంలను యాక్టివేట్ చేసుకునే పద్ధతి. 180 రోజుల్లోపు ఆ సర్వర్‌తో మళ్లీ మాట్లాడాలి. ఆఫీసు సిస్టం అయితే సరే, బోర్డు మార్చే పని ఐటీ వాళ్లకే వదిలేయండి. సొంతానికి అసెంబుల్ చేయించుకున్న సిస్టంలో ఇలా ఉందంటే, షాపు కుర్రాడు దొంగ యాక్టివేటర్ ఏదో నడిపాడన్నమాట. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ కావచ్చు, మీ ఊరి బస్టాండు ఎదురుగా ఉన్న షాపు కావచ్చు, "విండోస్ వేసిచ్చాం సార్" అన్నంత మాత్రాన లైసెన్సు ఇచ్చినట్టు కాదు. బిల్లులో విండోస్‌కు విడిగా ఒక వరుస, దానికో ధర ఉన్నాయా లేదా చూసుకోండి. లేకపోతే మీ దగ్గర లైసెన్సు లేనట్టే, దాన్ని కాపాడుకునే ప్రశ్నే లేదు.

అదే కిటికీలో కీలోని చివరి 5 అక్షరాలు కూడా కనబడతాయి. ప్రో ఎడిషన్‌కు 3వీ66టీ అనో, హోమ్‌కు 8హెచ్‌వీఎక్స్7 అనో ఉంటే అది మీ సొంత కీ కాదు. డిజిటల్ లైసెన్సు ఉన్న లక్షల సిస్టంలలో కనబడే ఉమ్మడి కీ. దాన్ని రాసిపెట్టుకుని లాభం లేదు. మీ లైసెన్సు ఉన్నది సర్వర్లోనే.

బావమరిది సిస్టంలో రీటెయిల్ ఛానెల్, 3వీ66టీ కనబడ్డాయి. 2012లో కొన్న విండోస్ 7 ప్రొఫెషనల్ పెట్టె అటక మీద ఇంకా ఉందట. 2016 జులై 29న ఉచిత అప్‌గ్రేడ్ గడువు ముగిసేలోపు దాన్ని విండోస్ 10 ప్రోకి మార్చుకున్నాడు. ఆ పెట్టెలోని కీతో ఇవాళ మళ్లీ మొదటినుంచి మొదలెడదామంటే కుదరదు. 7, 8 కీలతో కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేసుకునే దారిని 2023 సెప్టెంబర్‌లో మూసేశామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అంటే వాడికి ఉన్న ఆస్తి సర్వర్లోని ఆ డిజిటల్ లైసెన్సు ఒక్కటే. బోర్డు విప్పేసి ఉంటే చిక్కుల్లో పడేవాడు.

క్యాబినెట్ విప్పకముందు

1. లైసెన్సును ఖాతాకు ముడివేయండి. విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, యాక్టివేషన్. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టం, యాక్టివేషన్. అక్కడి వాక్యాన్ని చివరిదాకా చదవండి. "యాక్టివేటెడ్ విత్ ఎ డిజిటల్ లైసెన్స్" దగ్గరే ఆగిపోతే సరిపోదు, ఆ తర్వాత "లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్" అని ఉండాలి. లేకపోతే అదే పేజీలో యాడ్ యాన్ అకౌంట్ నొక్కి మీ మెయిల్ ఐడీతో లాగిన్ కండి. అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్న యూజర్‌తోనే ఈ పని చేయాలి. ఆఫీసు వాళ్లో కాలేజీ వాళ్లో ఇచ్చిన ఖాతా ఇక్కడ పనికిరాదు, సొంత ఖాతా కావాలి.

2. సిస్టంకు మీరు గుర్తుపట్టే పేరు పెట్టండి. ఎవరూ పట్టించుకోని పని ఇది, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది. తర్వాత ట్రబుల్‌షూటర్ మీ ఖాతాలోని కంప్యూటర్ల పేర్లన్నీ చూపించి, ఏ లైసెన్సును మార్చాలో ఎంచుకోమంటుంది. విండోస్ తనంతట తాను పెట్టే పేర్లు డెస్క్‌టాప్ అని మొదలై, వెనక ఏడు పిచ్చి అక్షరాలతో ఉంటాయి. బావమరిది ఖాతాలో అలాంటివి నాలుగు ఉన్నాయి. ఏది ఇంట్లోది, ఏది పాత ల్యాప్‌టాప్, ఏది ఎప్పుడో అమ్మేసింది, వాడికే తెలియదు. సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో రీనేమ్ నొక్కి 'పాత ఐ5' అన్న అర్థం వచ్చేలా పేరు మార్చాం. రీస్టార్ట్ చేసి, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులోని ఖాతా పేజీలో డివైసెస్ కింద కొత్త పేరు వచ్చిందో లేదో చూసుకున్నాం.

3. ఖాతా పాస్‌వర్డ్ నిజంగా గుర్తుందో లేదో ఫోన్లో లాగిన్ అయి చూడండి. రోజూ కొట్టే నాలుగంకెల పిన్, వేలిముద్ర బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్పుతో ముడిపడి ఉంటాయి. బోర్డు మారగానే అవి పనిచేయవు, పాస్‌వర్డే అడుగుతుంది. రికవరీకి ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పటికీ మీదేనా? నంబరు మార్చి నాలుగేళ్లయినా ఖాతాలో పాతదే ఉండిపోయినవాళ్లు ఎంతమందో.

4. బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే తాళం) చూడండి. ఈ ఒక్కదాన్ని మరిచిపోతే లైసెన్సు కాదు, ఏకంగా ఫొటోలూ ఫైళ్లే పోతాయి. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, కొత్త బోర్డు మీద విండోస్ తెరుచుకోకుండా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా సిస్టంలలో మనకు చెప్పకుండానే ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. కాబట్టి "నేనేం ఆన్ చేయలేదు" అని ధీమాగా ఉండకండి. ఖాతా పేజీలో రికవరీ కీ కనబడితే కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ పేజీలో సస్పెండ్ నొక్కండి. హోమ్ ఎడిషన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేసి, అది అయ్యేదాకా ఆగండి. రైజెన్ వాడేవాళ్లకు ఇంకో మాట. బోర్డు అదే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చినా ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా అని నల్ల తెర మీద అడుగుతుంది. వై నొక్కితే బిట్‌లాకర్ తాళం చెవి పోయినట్టే, రికవరీ కీ ఒక్కటే దిక్కు.

5. కొత్త బోర్డు ల్యాన్, వైఫై డ్రైవర్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. నెట్ లేకపోతే యాక్టివేషన్ లేదు.

6. బ్యాకప్. దీని గురించి ప్రత్యేకంగా చెప్పాలా?

పాత డిస్కుతోనే నడపాలా, కొత్తగా వేయాలా

పాత ఎస్‌ఎస్‌డీని అలాగే కొత్త బోర్డుకు తగిలిస్తే విండోస్ చాలాసార్లు లేస్తుంది. డివైసులు సిద్ధం చేస్తున్నానంటూ కాసేపు తంటాలు పడి, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అయి డెస్క్‌టాప్‌కు వస్తుంది. రాకపోతే ఎక్కువగా రెండు కారణాలు. పాత డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండి, కొత్త బోర్డు యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూటింగ్ పద్ధతి తప్ప వేరేది ఒప్పుకోకపోవడం మొదటిది. దీన్ని బోర్డు మార్చకముందే, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ పనిముట్టుతో సరిచేయవచ్చు. రెండోది ఇంటెల్ 11వ తరం నుంచి కనబడే వీఎండీ (డిస్కులను ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే) సెట్టింగు. అది ఆన్‌లో ఉంటే డిస్కు దొరకలేదని నీలం తెర పడుతుంది. బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లి ఆఫ్ చేస్తే సరిపోతుంది.

ఇంటెల్ నుంచి ఏఎండీకి మారుతుంటే నేను కొత్తగా వేయడానికే ఓటేస్తాను. పదేళ్ల పాత డ్రైవర్ల చెత్త కొత్త ఇంట్లోకి ఎందుకు? వేసేటప్పుడు కీ అడిగిన చోట ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ నొక్కండి. ఎడిషన్ దగ్గర మాత్రం జాగ్రత్త. పాతది ప్రో అయితే ప్రో, హోమ్ అయితే హోమ్. ప్రో లైసెన్సు ఉన్నా హోమ్ వేసుకుంటే, ట్రబుల్‌షూటర్ మీ లైసెన్సును గుర్తించదు. విండోస్ 10 డిజిటల్ లైసెన్సు అదే ఎడిషన్ విండోస్ 11కీ చెల్లుతుంది, మళ్లీ కొనక్కర్లేదు.

మా దగ్గర ఏమైందంటే, డ్రైవర్లు వేసిపెట్టుకున్న పెన్‌డ్రైవ్‌నే విండోస్ ఇన్‌స్టాలర్‌గా మార్చేశాడు మావాడు. డ్రైవర్లన్నీ చెరిగిపోయాయి. సెటప్ మధ్యలో నెట్ కావాలని మొండికేసింది, వైఫై ఊసే లేదు. చివరికి ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో సిస్టంకు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాం. ఆండ్రాయిడ్ ఫోన్లతో ఈ కిటుకు సాధారణంగా ఏ డ్రైవరూ లేకుండానే పనిచేస్తుంది.

అసలు పని: ట్రబుల్‌షూటర్

డెస్క్‌టాప్ వచ్చాక, ఇందాక లైసెన్సును ముడివేసిన ఖాతాతోనే లాగిన్ కండి. సెట్టింగ్స్, సిస్టం, యాక్టివేషన్‌కు వెళ్తే నాట్ యాక్టివ్ అని కనబడుతుంది. పక్కనే ట్రబుల్‌షూట్ బటన్ ఉంటుంది. అంతా సవ్యంగా ఉన్న సిస్టంలో ఈ బటన్ కనబడదు, కాబట్టి ముందే వెతికి కంగారుపడకండి.

నొక్కితే కాసేపు వెతికి, యాక్టివేట్ చేయలేకపోయానంటుంది. నిరాశపడి కిటికీ మూసేయకండి. అదే కిటికీలో కింద ఐ చేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైస్ రీసెంట్లీ అన్న చిన్న లింకు ఉంటుంది. బటన్‌లా ఉండదు, మామూలు అక్షరాల్లా ఉంటుంది. మావాడు రెండుసార్లు దాన్ని చూడకుండానే క్లోజ్ కొట్టేశాడు. దాన్ని నొక్కి, ఖాతా వివరాలిస్తే పేర్ల జాబితా వస్తుంది. మీ పాత పేరును ఎంచుకుని, దిస్ ఈజ్ ద డివైస్ ఐ యామ్ యూజింగ్ రైట్ నౌ అన్న గడిలో టిక్కు పెట్టి, యాక్టివేట్ నొక్కండి. ఇది పాత సిస్టం కదా, ఇప్పుడు వాడుతున్నదని ఎలా చెప్పను అని మొహమాటపడక్కర్లేదు. ఆ పేరుగల సిస్టమే ఇప్పుడు ఈ రూపంలో ఉంది అని చెప్పడమే దాని అర్థం.

ఇలా ఒక లైసెన్సును ఎన్నిసార్లు మార్చుకోవచ్చన్నదానికి పరిమితి ఉంది. ఆడుకోవడానికి బోర్డులు మార్చి మార్చి ప్రయత్నించకండి.

కుదరకపోతే

0ఎక్స్‌సీ004ఎఫ్211 అని వస్తే హార్డ్‌వేర్ మారిందని విండోస్ గుర్తించిందని అర్థం. చేయాల్సింది పైన చెప్పిన ట్రబుల్‌షూటర్ పనే. 0ఎక్స్‌సీ004సీ008 అయితే ఆ కీని అనుమతించిన దానికన్నా ఎక్కువ సిస్టంలలో వాడారు. చవగ్గా కొన్న కీలకు తరచూ వచ్చే జబ్బు ఇదే. 0ఎక్స్803ఎఫ్7001 అయితే ఈ సిస్టంకు చెల్లే లైసెన్సు ఏదీ దొరకలేదు. ముందు ఎడిషన్ సరిపోయిందో లేదో చూడండి.

మీ దగ్గర 25 అక్షరాల సొంత రీటెయిల్ కీ ఉంటే ఇంత తతంగం అక్కర్లేదు. యాక్టివేషన్ పేజీలో చేంజ్ ప్రొడక్ట్ కీ నొక్కి కొట్టేయండి. ఏదీ పనిచేయకపోతే గెట్ హెల్ప్ యాప్‌లో మైక్రోసాఫ్ట్ సపోర్టు మనిషితో చాట్ చేయండి. కొన్న బిల్లు, ఆర్డర్ మెయిల్ ముందే తీసి పెట్టుకుంటే మాట త్వరగా తెగుతుంది.

బోర్డు ముందే కాలిపోతే

పిడుగు పడో, కరెంటు హెచ్చుతగ్గులకో బోర్డు పోయినవాళ్లకు పై జాగ్రత్తలు తీసుకునే అవకాశం ఎక్కడిది? అయినా ఎప్పుడైనా ఆ సిస్టంలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే, లైసెన్సు అప్పుడే ముడిపడి ఉండే అవకాశం చాలా ఉంది. ఖాతా పేజీలో డివైసెస్ జాబితా తెరిచి పాత పేరు ఉందేమో చూడండి. తొందరపడి దాన్ని తీసేయకండి. లోకల్ యూజర్‌గానే వాడి ఉంటే మాత్రం మిగిలింది కీ, బిల్లు, సపోర్టు చాట్.

కంపెనీ ల్యాప్‌టాప్‌లో బోర్డు చెడిపోయి, తయారీదారే అదే రకం బోర్డు మార్చి ఇస్తే మీ ఓఈఎం లైసెన్సు పోదు. విండోస్ కీని కొత్త బోర్డులోకి ఎక్కించడం సర్వీసు వాళ్ల పనే. యాక్టివేషన్ పేజీ చూశాకే జాబ్‌షీటు మీద సంతకం పెట్టండి. బయట రిపేరు షాపులో సెకండ్‌హ్యాండ్ బోర్డు వేయించుకుంటే ఈ భరోసా ఉండదు.

విండోస్ ఒక్కటేనా?

ట్యాలీ వాడే వ్యాపారస్తులు ముఖ్యంగా గమనించాలి. బోర్డు మార్చకముందే పాత సిస్టంలో ట్యాలీ ప్రైమ్ తెరిచి లైసెన్సు సరెండర్ చేయండి, కొత్తదానిలో మళ్లీ యాక్టివేట్ చేసుకోండి. జీఎస్టీ రిటర్ను గడువుకు ముందు రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఒకసారికే డబ్బు కట్టి కొన్న మైక్రోసాఫ్ట్ ఆఫీస్ అయితే ఏ ఖాతాతో నమోదు చేశారో దాంట్లోంచే మళ్లీ దించుకోవచ్చు.

బావమరిది సిస్టం సాయంత్రం ఆరింటికి యాక్టివేట్ అయింది. దీపాలు పెట్టే వేళకు వాడు ఫోన్ పట్టుకుని పాత బోర్డు, ఐ5, ర్యాము, ఇంట్లో ఖాళీగా పడి ఉన్న ఒక పాత ఎస్‌ఎస్‌డీ కలిపి అమ్మకానికి ప్రకటన టైపు చేస్తున్నాడు. తొంగిచూస్తే 'ఒరిజినల్ విండోస్ 10 ప్రోతో సహా' అని ఉంది. ఆ లైసెన్సు ఇప్పుడు నీ కొత్త బోర్డు మీద ఉందిరా అని గుర్తుచేశాను. నాలుక్కరుచుకుని ఆ మాట కొట్టేసి, రేటు ఒక వెయ్యి తగ్గించాడు.